ఇద్దరు ముఖ్యమంత్రులు, రెండు ప్రాంగణాలు, ఒక పాత ఫారం

కడప జిల్లా పులివెందులలో పశు పరిశోధన కోసం కట్టిన పెద్ద ప్రాంగణం ఒకటుంది. జూపాడుబంగ్లా మండలం తంగడంచలో విత్తన పరిశోధన కోసం శంకుస్థాపన జరిగిన పెద్ద స్థలం ఒకటుంది. శంకుస్థాపన నాటికి అది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఆ ప్రాంగణం ఎవరిదని పులివెందులలో అడిగినా, ఆ పార్కు ఎవరిదని తంగడంచలో అడిగినా శాఖ పేరు ఎవరూ చెప్పరు. ఒకచోట వైఎస్ పేరు, మరోచోట చంద్రబాబు పేరు వినబడుతుంది. సీమలో ఏ పార్టీ మనిషైనా వీటిలో ఒకదాని గురించి గంటసేపు మాట్లాడగలడు, రెండోదాన్ని ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ అనిపించదు, ఎందుకంటే అలా పెడితే ఇద్దరి అభిమానులకూ ఇబ్బందే.

నాకు మాత్రం ఆ పోలికలోనే విషయం ఉందనిపిస్తుంది. సర్కారు సొమ్ము సైన్సుకు ఎలా చేరుతుంది, ఎవరి చేతి మీదుగా చేరుతుంది, ఆ చెయ్యి తప్పుకున్నాక ఏమవుతుంది అనే ప్రశ్నలకు ఢిల్లీ నివేదికల్లో కన్నా ఈ రెండు చోట్లా స్పష్టమైన జవాబు దొరుకుతుంది.

మొదట పులివెందుల. 2004 నుంచి 2009 దాకా రాష్ట్రాన్ని ఏలిన వైఎస్ రాజశేఖరరెడ్డి తన సొంత నియోజకవర్గంలో ఇందిరాగాంధీ సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ ఆన్ లైవ్‌స్టాక్ అనే సంస్థను తలపెట్టారు. జనం నోట్లో అది ఐజీ కార్ల్. వందల ఎకరాలు, వరుస భవనాలు, ప్రయోగశాలలు. పశుపోషణ మీద బతికే కరువు ప్రాంతంలో పశు పరిశోధన కేంద్రం రావడం తప్పని ఎవరూ అనలేరు. వానలు మోసం చేసిన ఏడు పంట పోయినా నాలుగు జీవాలుంటే ఇల్లు నిలబడుతుంది. గొర్రెలకు నీలి నాలుక జబ్బు సోకితే మంద మందే తుడిచిపెట్టుకుపోతుంది. గాలికుంటు వస్తే పాడిగేదె పాలు ఎండిపోతాయి. ఈ జబ్బుల మీద ఈ నేలలోనే పని చేసే శాస్త్రవేత్తలు కావాలని కాపరి ఎన్నడూ అర్జీ పెట్టుకోలేదు. అయినా అతని అవసరం అదే.

కానీ స్థలం ఎలా ఎంచారు? అదే ప్రభుత్వం 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయాన్ని పెట్టింది. పశువైద్యంలో పాఠం చెప్పేవాళ్ళు, పీజీ చేసే పిల్లలు, మందలు, ఆస్పత్రి అన్నీ అక్కడున్నాయి. పరిశోధన అనేది ఎక్కువగా అలాంటి చోటే పెరుగుతుంది. ప్రొఫెసరు సగం మొదలుపెట్టిన పనిని పీహెచ్‌డీ విద్యార్థి పూర్తి చేస్తాడు, అతని తర్వాత వచ్చినవాడు అందులో తప్పు పడతాడు. పులివెందులకు భవనాలొచ్చాయి, ఈ గొలుసు రాలేదు. చీనీ తోటల మధ్య అంత ఖరీదైన ప్రయోగశాలల్లో కూర్చుని పని చేయడానికి పేరున్న శాస్త్రవేత్త తిరుపతినో హైదరాబాదునో వదిలి రావాలంటే అతనికి కావలసింది భవనం ఒక్కటే కాదు. పదేళ్ళ పాటు ఆగని జీతం, ఆగని గ్రాంటు, తన కింద పని చేసే మనుషులు కావాలి. ముఖ్యమంత్రి ఉన్నంతకాలం వాటికి కొదవ ఉండదని అనుకోవచ్చు. అదే కదా చిక్కు.

2009 సెప్టెంబరు 2న రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాల గుట్ట మీద కూలిపోయింది. ఆ గుట్ట అప్పటి కర్నూలు జిల్లాలోదే. ఆ తర్వాత రోశయ్య, కిరణ్‌కుమార్‌రెడ్డి అదే కాంగ్రెస్ పార్టీ ముఖ్యమంత్రులు. పార్టీ మారలేదు, విధానమూ మారిందని చెప్పలేం. అయినా ఐజీ కార్ల్ వెనకబడింది. 2014లో రాష్ట్రం చీలింది, తెలుగుదేశం వచ్చింది. పులివెందులలో రాజశేఖరరెడ్డి కొడుకు జగన్ కుటుంబానికి పేరు తెచ్చే సంస్థకు ఊపిరి పోయాలని ఆ ప్రభుత్వానికి ఎందుకుంటుంది? ఏళ్ళ తరబడి ఆ ప్రాంగణం దాదాపు ఖాళీగా పడి ఉంది. 2019లో కొడుకు ముఖ్యమంత్రి అయ్యాక మళ్ళీ కదలిక వచ్చింది. ఇందిరాగాంధీ పేరు తీసి ఏపీ కార్ల్ అన్నారు. ప్రైవేటు బయోటెక్ సంస్థలను పిలిచి ఒప్పందాలు చేసుకున్నారు, ప్రాంగణంలో చోటు చూపించారు. మంచిదే. కానీ జాగ్రత్తగా గమనిస్తే, పరిశోధన కేంద్రాన్ని బతికించడానికి దొరికిన దారి పరిశోధన కాలేదు. ఖాళీ భవనానికి అద్దెదారుణ్ణి వెతికినట్టయింది వ్యవహారం.

రాజశేఖరరెడ్డి కడప జిల్లాకు తెచ్చిన మిగతా సంస్థలను చూడండి. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం, అదే ఏడు రిమ్స్ వైద్య కళాశాల, 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ. ఇవన్నీ కూడా ఆయన ఇష్టంతో, ఆయన పలుకుబడితో వచ్చినవే. లోపాలున్నా, అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నా, అవన్నీ నిలిచాయి. ఆయన పోయాక వచ్చిన ముఖ్యమంత్రులెవరూ వాటి జోలికి పోలేదు. తేడా ఎక్కడుంది? వాటిలో పిల్లలున్నారు. పిల్లల వెనక తల్లిదండ్రులున్నారు, తల్లిదండ్రులకు ఓట్లున్నాయి. ఇడుపులపాయలో మెస్సు బాగాలేకపోతే అది పత్రికలో వార్త అవుతుంది, ఎమ్మెల్యే పరిగెత్తుకొస్తాడు. ఐజీ కార్ల్‌లో సూక్ష్మదర్శిని మీద దుమ్ము పేరుకుంటే ఎవరు రోడ్డెక్కుతారు? కాలేజీ మూసేయడం రాజకీయంగా ఖరీదైన పని. పరిశోధనను మూసేయడానికి పైసా ఖర్చు కాదు, అసలు మూసినట్టు ఎవరికీ తెలియదు కూడా. రాజకీయం సైన్సుకు చేసే కీడు అనగానే మనకు ఎవరో మంత్రి ఫోన్ చేసి ఫలితాలు మార్చమన్నట్టు ఊహ వస్తుంది. మన దగ్గర ఎక్కువగా జరిగేది అంత నాటకీయంగా ఉండదు. ఫోన్ ఆగిపోతుంది, అంతే.

ఇక తంగడంచ. 2017 అక్టోబరు 9న చంద్రబాబు అక్కడ మెగా సీడ్ పార్కుకు శంకుస్థాపన చేశారు. 670 కోట్ల రూపాయల అంచనా. అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం సాంకేతిక భాగస్వామి. అక్కడి సీడ్ సైన్స్ సెంటర్‌కు చాలాకాలం సారథ్యం వహించిన మంజిత్ మిశ్రా ఈ ప్రణాళికలో ముఖ్యుడు. విత్తన పరీక్ష, శుద్ధి, నిల్వ, శిక్షణ, కొత్త రకాల మీద పరిశోధన, వీటన్నిటి చుట్టూ విత్తన కంపెనీలు. కాగితం మీద ఇది పులివెందుల కంటే చాలా ఆలోచించి వేసిన పథకం. అది ఒప్పుకోవాలి.

ఎందుకంటే ఈ ప్రాంతానికీ విత్తనానికీ బంధం పాతది. నంద్యాల, ఆళ్ళగడ్డ వైపు సీడు పత్తి అంటే చిన్న పిల్లలకు కూడా తెలుసు. కంపెనీ ఆర్గనైజర్ పొలం మాట్లాడుకుంటాడు, ఆడ మొక్క పువ్వుకు మగ మొక్క పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి కూలీలు పొద్దున్నే చేలో ఉంటారు. ఆ చేతుల్లో బడికి పోవాల్సిన ఆడపిల్లల చేతులు కూడా ఉండేవన్నది ఈ పరిశ్రమ దాచుకోలేని చరిత్ర. ఇక్కడ తయారైన విత్తనం ఎక్కడెక్కడికో పోతుంది, తిరిగి ఇక్కడి రైతు చేతికే నకిలీ విత్తనంగా వచ్చిన రోజులూ ఉన్నాయి. ఇలాంటి చోట నమ్మకమైన విత్తన పరీక్షా కేంద్రం రావడం కన్నా సహజమైన పని ఏముంటుంది?

అయినా పథకం ఎవరి మొహం చూస్తోందన్నది వేరే ప్రశ్న. పులివెందుల కేంద్రం నియోజకవర్గం వైపు తిరిగి కూర్చుంటే, తంగడంచ పార్కు పెట్టుబడిదారు వైపు తిరిగి కూర్చుంది. చంద్రబాబుకు సైన్సు అంటే ఎప్పుడూ ఒక అవగాహన ఒప్పందం, ఒక విదేశీ పేరు, ఒక పరిశ్రమల సముదాయం. అందులో తప్పేం లేదు, హైదరాబాదులో ఐటీ అలాగే పెరిగింది. కానీ విత్తనం సాఫ్ట్‌వేర్ లాంటిది కాదు. కర్నూలు ఎర్రనేలలో వానాధారంగా నాలుగెకరాలు సేద్యం చేసే రైతుకు కావలసిన విత్తనం కంపెనీకి లాభం తెచ్చేది కాకపోవచ్చు. కొర్ర విత్తనం మీద కంపెనీ ఎందుకు డబ్బు పెడుతుంది? రైతు ఒకసారి కొంటే మళ్ళీ తన పంటలోంచే దాచుకుంటాడు. పప్పుశనగదీ అదే కథ. కంపెనీ ముట్టని పంటల్లోనే సర్కారు డబ్బు అవసరం. కంపెనీల మధ్యన కూర్చోబెట్టిన పరిశోధన ఆ పంటల దిక్కు ఎంతవరకు చూస్తుందో పరీక్షించే అవకాశం మనకు రాలేదు.

2019లో ప్రభుత్వం మారింది, సీడ్ పార్కు ఆగింది. పులివెందులను 2014 తర్వాత పట్టించుకోని వాళ్ళ పథకాన్ని 2019 తర్వాత పులివెందుల వాళ్ళు పట్టించుకోలేదు. అన్యాయంలో కూడా ఇంత కచ్చితమైన సమానత్వం చూడటం అరుదు. పాత ప్రభుత్వ పథకాన్ని పరిశీలించి, పనికిరాదని నిపుణులు తేల్చి, కారణాలు చెప్పి ఆపితే అది వేరు. ఏ రాష్ట్రంలోనైనా అనవసరమైన పథకాలను ఆపాల్సిందే. ఇక్కడ ఆగడానికి కారణం శంకుస్థాపన రాయి మీద ఉన్న పేరని అందరికీ తెలుసు, ఎవరూ రాతలో పెట్టలేదు.

అయోవా దగ్గర కొంచెం ఆగాలి. అమెరికా మధ్యలో మొక్కజొన్న తప్ప మరేమీ కనబడని ఆ రాష్ట్రానికి అంత విత్తన విజ్ఞానం ఎక్కడ నుంచి వచ్చింది? 1862లో అమెరికా పార్లమెంటు మోరిల్ చట్టం చేసింది. ప్రతి రాష్ట్రానికీ ప్రభుత్వ భూమి ఇస్తాం, దాని మీద వచ్చే సొమ్ముతో వ్యవసాయం, యంత్ర విద్య నేర్పే కళాశాలలు పెట్టుకోండి అన్నది దాని సారం. ఆ షరతులను ముందుగా ఒప్పుకున్నది అయోవాయే. తర్వాత 1887లో హాచ్ చట్టం వచ్చింది. ప్రతి రాష్ట్రంలోని వ్యవసాయ ప్రయోగ క్షేత్రానికి ఏటా 15,000 డాలర్లు ఇవ్వాలని అది చట్టంలోనే రాసింది. గవర్నరు ఎవరన్నది, ఏ పార్టీ గెలిచిందన్నది దానికి సంబంధం లేదు. ఆ చట్టం పేరుతో నిధులు నూట ముప్పై ఏళ్ళు దాటినా నడుస్తూ వచ్చాయి. హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనాలతో పేరు పొంది, తర్వాత వ్యవసాయ మంత్రి, ఉపాధ్యక్షుడు కూడా అయిన హెన్రీ వాలెస్ ఆ నేల మనిషే, అయోవా స్టేట్‌లో చదివినవాడే. చంద్రబాబు ప్రభుత్వం అయోవా నుంచి విశ్వవిద్యాలయం పేరు తెచ్చుకుంది, నిపుణుణ్ణి తెచ్చుకుంది. ఆ విశ్వవిద్యాలయాన్ని తయారు చేసిన చట్టాన్ని మాత్రం విమానంలో ఎక్కించుకోలేదు.

అంతమాత్రాన అమెరికాలో అంతా సవ్యంగా ఉందని కాదు. 2025లో అధ్యక్షుడు మారగానే యూఎస్ ఎయిడ్‌ను మూసేశారు. పేద దేశాల పంటల మీద పని చేస్తున్న అక్కడి విశ్వవిద్యాలయ ప్రయోగశాలలు రాత్రికి రాత్రి మూతపడ్డాయి. జొన్న, చిరుధాన్యాల మీద పని చేస్తున్న కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం కేంద్రం అందులో ఒకటి. మనకు ఆ పేరు కొత్త కాదు. 1964లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, అమెరికా నమూనాను దిద్ది పెట్టడానికి తోడ్పడింది కాన్సస్ స్టేటే. పాఠం చెప్పిన గురువుకే ఇప్పుడు ఆ దెబ్బ తగిలింది. తేడా ఏమిటంటే అధ్యక్షుడి ఇష్టం మీద నడిచిన నిధులు ఒక్క పూటలో పోయాయి, చట్టంలో రాసిన నిధుల మీద చెయ్యి వేయాలంటే మళ్ళీ పార్లమెంటుకు పోవాలి.

రాయలసీమలో ఈ రెండు రకాల నిధుల తేడా చూపించే మూడో చోటు ఉంది. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం. 1906లో మద్రాసు ప్రభుత్వం పత్తి కోసం పెట్టిన ఫారం అది. వ్యాపారులు నార్తర్న్స్, వెస్టర్న్స్ అని పిలిచిన పత్తి రకాల కాలం నాటిది. దానికి ఏ ముఖ్యమంత్రి శంకుస్థాపనా లేదు, ఏ నాయకుడి పేరూ లేదు. అక్కడ నుంచి నరసింహ పత్తి రకం వచ్చింది. కొర్రలో సూర్యనంది వచ్చింది, ఈ మధ్య రేనాడు వచ్చింది. పప్పుశనగలో నంద్యాల నుంచి వరుసగా రకాలొచ్చాయి. వాటిలో ధీర అనే రకం నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది, యంత్రంతో కోయడానికి వీలవుతుంది. కోతకు కూలీలు దొరక్క సతమతమయ్యే నల్లరేగడి రైతుకు ఆ ఒక్క గుణం ఎంత పెద్దదో ప్రయోగశాలలో కూర్చున్నవాడికి వెంటనే తట్టదు. నంద్యాల సోనా వరి కేసీ కాలువ కింద తెలిసిన పేరే. ఈ రకాలు ఏ ప్రభుత్వం కాలంలో విడుదలయ్యాయని అడిగితే ఎవరూ చెప్పలేరు. అలా చెప్పలేకపోవడమే వాటి గొప్ప.

ఇది ఎలా సాధ్యమైంది? శాస్త్రవేత్తల సత్తా ఒకటి. రెండోది, పెద్దగా ఎవరూ మాట్లాడనిది, డబ్బు వచ్చే దారి. అఖిల భారత సమన్వయ పరిశోధన పథకాలని ఉన్నాయి. 1957లో మొక్కజొన్నతో మొదలయ్యాయి, తర్వాత పంట పంటకూ ఒకటి వచ్చింది. పత్తికి, పప్పుశనగకు, చిరుధాన్యాలకు నంద్యాల అందులో ఒక కేంద్రం. ఖర్చులో 75 శాతం ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి ఇస్తుంది, 25 శాతం రాష్ట్ర విశ్వవిద్యాలయం పెట్టుకోవాలి. ఇచ్చే సొమ్ము పెద్దది కాదు. కానీ దానితో పాటు ఒక క్రమశిక్షణ వస్తుంది. ఒక కొత్త రకాన్ని అనేక రాష్ట్రాల్లోని కేంద్రాల్లో, వేర్వేరు నేలల్లో, వరుసగా కొన్నేళ్ళు, పాత రకంతో పోటీ పెట్టి పండిస్తారు. అన్ని చోట్లా లెక్క తేలాకే విడుదల. నంద్యాలలో మంత్రిగారికి నచ్చిందని గుల్బర్గాలో దిగుబడి పెరగదు. రకాన్ని ప్రకటించే అధికారం ఏ ఒక్క ఊరి చేతిలోనూ లేదు.

కాలం సంగతి కూడా చూడాలి. రెండు మొక్కలను సంకరం చేసిన రోజు నుంచి రైతు చేతికి కొత్త రకం వచ్చేదాకా పదేళ్ళు పట్టడం మామూలు. తరం వెంబడి తరం ఎంపిక చేసుకుంటూ పోవాలి, గుణాలు స్థిరపడాలి, పోటీ పరీక్షలు జరగాలి, చివర్లో రైతుల పొలాల్లో చిరుసంచులిచ్చి చూడాలి. పశువుల్లో ఇంకా నిదానం, ఒక తరానికే నాలుగైదేళ్ళు. ముఖ్యమంత్రికున్న కాలం ఐదేళ్ళు, అందులో చివరి ఏడు ఎన్నికలది. ఐదేళ్ళలో కళ్ళకు కనబడేలా పూర్తయ్యేది కట్టడం ఒక్కటే. పులివెందులలో భవనాలు ముందు వచ్చి శాస్త్రవేత్తలు వెనకబడటానికి, తంగడంచలో రాయి పడి పని మొదలు కాకపోవడానికి ఇదే మూలం. నాయకుల మనసు చెడ్డది కానక్కర్లేదు, వాళ్ళ క్యాలెండరే అంత. జగన్ ప్రభుత్వం ఇంకో మెట్టెక్కి అసెంబ్లీ నియోజకవర్గానికో అగ్రి టెస్టింగ్ ల్యాబ్ పెడతానంది. రైతుకు మట్టి, విత్తనం, ఎరువు దగ్గరలో పరీక్ష చేయించుకునే వీలు కలగడం మంచి మాటే. నేల రకం, పంట, వాన లెక్కన కాక నియోజకవర్గం సరిహద్దుల లెక్కన ప్రయోగశాలలు పంచడం మాత్రం మన రాజకీయం సైన్సును ఎలా చూస్తుందో దాచకుండా చెప్పేస్తుంది.

ఇంతవరకు చదివినవాళ్ళు నంద్యాలను నెత్తిన పెట్టుకున్నానని అనుకోవచ్చు. రాజకీయం తాకని సంస్థ సురక్షితమని కూడా నేను అనలేను. ఎందుకంటే 2020 తర్వాత ఏం జరిగిందో చూశాం. ఆ పరిశోధన స్థానం భూమిలోంచి 50 ఎకరాలు వైద్య కళాశాలకు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. రైతు సంఘాలు వద్దన్నాయి, రాయలసీమ సాగునీటి సాధన సమితి గొంతెత్తింది, వ్యవహారం హైకోర్టు దాకా పోయింది. 2023 సెప్టెంబరులో నంద్యాల ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. వైద్య కళాశాల వద్దని ఎవరంటారు? దశాబ్దాలుగా కర్నూలు పెద్దాసుపత్రికి పరిగెత్తిన ఊళ్ళకు అది వరం. కానీ ఆ ఊళ్ళో కళాశాల కట్టడానికి నేల కావాల్సి వచ్చినప్పుడు అధికారుల చూపు మొదట పడింది ప్రయోగాల పొలం మీద. ప్రయోగాల పొలం ఖాళీ భూమి కాదన్నది ఫైల్లో పట్టదు. ఏ మడిలో ఏ ఏడు ఏం వేశారో, ఎంత ఎరువు పడిందో, ఏ తెగులు ఎక్కడ మొదలైందో దశాబ్దాల లెక్క ఉన్న నల్లరేగడి అది. దాని బదులు మరెక్కడో అంతే విస్తీర్ణం ఇస్తే లెక్క సరిపోతుంది, పొలం చరిత్ర రాదు.

అండ లేనందువల్ల ఆ ఫారం ఇన్ని ప్రభుత్వాలను దాటుకుని నిలిచింది. అండ లేనందువల్లే దాని నేల అడిగేసరికి అడ్డుపడిన మంత్రి ఒక్కరూ కనబడలేదు. పులివెందుల ప్రాంగణంలోంచి 50 ఎకరాలు తీసుకోవడానికి 2020లో ఎవరికైనా ధైర్యం వచ్చేదా?

సీమకు రాజకీయ బలం అవసరమే లేదని చెప్పే స్థితిలో మనం లేం. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో అనంతపురానికి విశ్వవిద్యాలయ కేంద్రం రాసిచ్చారు, అక్కడ సొంత విశ్వవిద్యాలయం రావడానికి 1981 దాకా పట్టింది. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్ళకే పోయింది. 2014 తర్వాత వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం గుంటూరు పక్కన లాంలో పెట్టారు. అడిగేవాడు లేకపోతే సీమకు ఏదీ రాదన్న చేదు అనుభవం నుంచే వైఎస్ తన ఊరికి అన్నీ తెచ్చుకోవాలనుకున్నారు. జనం అందుకే మెచ్చుకున్నారు. ఆ కోపాన్ని, ఆ ఆత్రాన్ని నేను అర్థం చేసుకోగలను. తెచ్చుకున్నది తన తర్వాత కూడా నడిచేలా రాయించుకోకపోవడం మీదే నా ఫిర్యాదు. తిరుపతి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, సొంత చట్టంతో, ఏటా కచ్చితంగా ఇంత అని బడ్జెట్ పద్దుతో ఐజీ కార్ల్‌ను నిలబెట్టగల బలం ఆనాడు రాష్ట్రంలో ఒక్క ఆయనకే ఉంది.

ఢిల్లీ గాలి కూడా ఇటే వీస్తోంది. 2023లో పార్లమెంటు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం చేసింది. ఐదేళ్ళలో 50,000 కోట్లు అన్నారు, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. పాలక మండలికి పదవిరీత్యా ప్రధానమంత్రే అధ్యక్షుడు. దేశంలో పరిశోధన మీద మొత్తం ఖర్చు జాతీయోత్పత్తిలో 0.64 శాతం దగ్గరే ఉన్నప్పుడు పెద్ద పేరు పైన ఉంటే మేలని వాదించేవాళ్ళున్నారు. ఉండొచ్చు. పులివెందుల చూసినవాళ్ళకు మాత్రం కొంచెం గుబులు.

రెండింట్లో ఏది తక్కువ తప్పని ఎవరైనా పట్టుబట్టి అడిగితే నా జవాబు ఇది. ఆలోచనలో తంగడంచ మేలు, ఎందుకంటే ఆ నేలకూ ఆ విత్తనానికీ సంబంధం ఉంది. ఆచరణలో పులివెందుల మేలు, ఎందుకంటే అక్కడ కనీసం గోడలున్నాయి. 2024లో ప్రభుత్వం మళ్ళీ మారింది. ఇప్పుడు సీమలో చదువుకున్నవాడెవడైనా వేసుకునే లెక్క ఒకటే: తంగడంచకు మంచి రోజులు, పులివెందులకు గడ్డు రోజులు. ఈ లెక్కను తప్పని నిరూపించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఏపీ కార్ల్ ప్రయోగశాలలను తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయానికి అప్పగించి, జీవాల జబ్బుల మీద పదేళ్ళ పనికి చట్టంతో నిధి కట్టాలి. తంగడంచ విత్తన పరీక్ష బాధ్యతను నంద్యాల శాస్త్రవేత్తలకు ఇచ్చి, కంపెనీలను బయటి గేటు దగ్గర క్యూలో నిలబెట్టాలి. ఈ రెండు ఉత్తర్వులూ ఒకే రోజు, ఒకే సంతకంతో వస్తే ఎవరి పార్టీ గెలిచిందో ఎవరికీ అర్థం కాదు. సంతకం చేయాల్సినవాళ్ళకు ఉన్న అభ్యంతరం కూడా బహుశా అదే.